ఒక పట్టీ ఎక్కువ

కమాన్ల మామ పోయాడని కబురు తెచ్చినవాడు ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకోలేదు. పోయే ముందు మామ డాక్టరుతో కూడా దెబ్బలాడాడట. "గుండె బాగానే ఉంది, ఇంటికెళ్ళు పెద్దాయనా" అని డాక్టరు అంటే, "బాగానే ఉందని అందరూ అంటారు గానీ, ఇంకో బిళ్ళ ఎక్కువ రాసీండి బాబూ" అన్నాడట. ఇది నిజంగా జరిగిందో, పోయిన ప్రతివాడి మీదా ఓ కథ అల్లే మా అనకాపల్లి అలవాటు కొద్దీ ఎవరైనా కల్పించారో నాకు తెలీదు. నేను మాత్రం వినగానే నమ్మేశాను. మామని ఎరిగినవాడెవడైనా నమ్ముతాడు.

ఆయన షాపు బైపాస్‌కి పోయే దారిలో, నా జెరాక్స్ షాపుకి ఎదురుగా ఉండేది. నేను ఇటు ఆధార్ కార్డులకి నకళ్ళు తీస్తుంటే ఆయన అటు లారీలకి కమాన్లు కట్టేవాడు. కమానంటే తెలీనివాళ్ళు ఎప్పుడైనా ఆగివున్న లారీ వెనక చక్రం దగ్గర వంగి చూడండి. విల్లులా వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. పైన పొడుగుది, కిందికి పోయేకొద్దీ పొట్టివి. బండి బరువంతా వాటి మీదే పడుతుంది. గతుకొచ్చినప్పుడు అవి వంగి, మళ్ళీ లేచి, పైనున్నదాన్ని కాపాడతాయి. పట్టీలు మరీ తక్కువైతే విరుగుతాయి, మరీ ఎక్కువైతే వంగడం మానేస్తాయి. అప్పుడు గతుకులన్నీ తిన్నగా బండిలో ఉన్నవాడి నడుముకి చేరతాయి. ఈ రెండో సంగతి మామ ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు.

మామ బండిని ముందునుంచి చూసేవాడు కాదు. షాపు ముందు లారీ ఆగితే, డ్రైవరు దిగి నమస్కారం పెడుతుంటే, ఈయన అతన్ని దాటుకుని గబగబా వెనక్కి పోయి గొంతుక్కూర్చునేవాడు. మనుషులతోనూ అదే వరస. సాయంత్రం పూట నా షాపు మెట్ల మీద చేరి, టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, రోడ్డు మీద పోయేవాళ్ళని వాళ్ళు దాటిపోయాకే చూసేవాడు. ఎదురుగా వచ్చి పలకరించినవాణ్ణి పరాయివాడిలా చూసి, వాడు నొచ్చుకుని పోతుంటే, వెనక నుంచి పోల్చుకుని, "ఒరే నువ్వట్రా, ఇంటికాడ అందరూ బాగున్నారా" అని కేకేసేవాడు.

"మొకం అందరికీ బాగుంటాది అల్లుడూ" అనేవాడు నాతో. "మొకానికి రంగేత్తారు, లైట్లెడతారు, నిమ్మకాయలు కడతారు. ఎనకాల సూడు. ఎవుడెంత మోత్తన్నాడో సాఫ్‌గా తెలిసిపోద్ది."

ఎన్నికల రోజుల్లో ఓ పెద్ద కారు మా ముందు నుంచి సర్రున పోతే, దాని వెనకభాగం చూసి, "ఇందులో కూకున్నోడి కంటే డిక్కీలో కూకున్నదే బరువు" అన్నాడు. నేను ఆ మాట విననట్టు నటించాను. జెరాక్స్ షాపువాడికి అన్ని పార్టీలవాళ్ళూ కావాలి.

షాపుకొచ్చిన ప్రతి బండివాణ్ణీ మామ అడిగే ప్రశ్న ఒకటే. "లోడెంత?"

బండివాడు ఏదో ఒక అంకె చెప్పేవాడు. మామ బుద్ధిగా తలూపేవాడు. విన్నానని ఊపడమే తప్ప నమ్మానని కాదు. వాడు టీ తాగడానికి పోగానే, ఉండాల్సిన పట్టీలన్నీ పేర్చి, కింద ఇంకో పట్టీ కలిపి బిగించేసేవాడు. వాడు తిరిగొచ్చి లబలబలాడేవాడు.

"ఏటి మామా, కంపెనీవోడు ఇన్నే ఎయ్యమన్నాడు కదా!"

"కంపెనీవోడు మన చెరుకు లోడు సూసేడా?"

"నాను చెరుకు ఎయ్యను మామా, ఇటికలే."

"ఇయాళ ఇటికలంటావు. సీజనొచ్చేక తుమ్మపాల రోడ్డు మీద కరెంటు తీగలు తగిలేలాగ చెరుకేసుకుని నువ్వే ఎల్తావు. నాను సూడనేటి?"

పాపం, ఇందులో ఆయన్ని తప్పు పట్టలేం. లోడు ఎంతో నిజం చెప్పిన మనిషి మా దారిలో పుట్టలేదు. ఇటుకలవాడు ఇసుక ఎత్తుతాడు, ఇసుకవాడు రాయి ఎత్తుతాడు, పెళ్ళివ్యానులో బంధువులని మాత్రమే ఎక్కిస్తానన్నవాడు ఊరంతటినీ బంధువుల్ని చేసుకుంటాడు. అబద్ధాలు విని విని మామకి చెవుల్లోనే ఒక తూనిక తయారైంది. చెప్పినదానికి తన లెక్క కలుపుకుని, దాని మీద ఒక పట్టీ ఎక్కువ వేసుకుని, ఇక నిశ్చింతగా ఉండేవాడు. "నా సేతి కమాను ఇరిగి ఎనక్కి రాదు" అన్నది ఆయన జీవితంలోకెల్లా పెద్ద గొప్ప. పెళ్ళిళ్ళలో, చావుల్లో, మసీదు గుమ్మంలో, ఎక్కడ నలుగురు కూడితే అక్కడ ఆ మాట ఒకసారి పడాల్సిందే.

విరగలేదు నిజమే, కానీ బండ్లలో కూర్చున్నవాళ్ళ సంగతి అడక్కూడదు. నాతవరం నుంచి పాలు తెచ్చే వ్యానుకి మామ కమాన్లు కట్టాక, దార్లో కుదుపులకి పాలు సగం వెన్నై దిగేవని చెప్పుకునేవారు. రాంబిల్లి చేపల వ్యానులో చచ్చిన చేపలు కూడా మళ్ళీ ఎగరడం మొదలెట్టాయట. ఒక స్కూలు వ్యాను పిల్లల క్యారేజీల్లో పప్పూ పెరుగూ ఇంటిదగ్గరే కలిసిపోయినట్టు వచ్చేవని తల్లులు దెబ్బలాటకొచ్చారు. మామ వాళ్ళందరినీ ఓపిగ్గా విని, "కమాను ఇరిగిందా?" అని అడిగాడు. లేదన్నారు. "మరేటి గోల?" అని లోపలికి పోయి సమ్మెట అందుకున్నాడు. వినయం ఆయన ఇంటావంటా లేదు.

ఇంత బతుకూ బతికి, తను మాత్రం సైకిలు మీదే తిరిగేవాడు. ఆ సైకిలుకి ఏ కమానూ ఉండదు కదా. ఈమధ్య కొత్త లారీలు షోరూములకే పోవడం మొదలెట్టాక పని బాగా తగ్గింది. కొలిమి చాలా రోజులు చల్లగానే ఉండేది. అప్పుడే నా మెట్ల మీద కూర్చోవడం ఎక్కువైంది. ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు.

"ఇన్నాళ్ళూ బరువు కోసమే కట్టేను అల్లుడూ. ఇటికలకి, రాయికి, బెల్లానికి. మనిసి కూకోడానికని ఒక్క కమానూ కట్టనేదు. కట్టింది కూడా ఎవుడూ సూడ్డు. బురదలో, బండి కింద ఉంటాది. మా ఆవిడే సూడనేదు."

ఆ కోరిక తీర్చడానికన్నట్టు కుర్ర షావుకారు వచ్చాడు.

కుర్ర షావుకారంటే బెల్లం మార్కెట్లో పేరున్న ఇంటివాడు. నలభై దాటాయి, జుట్టు పలచబడింది. కానీ తండ్రి బతికున్నంత కాలం మా ఊళ్ళో ఎవడికీ వయసు రాదు గనక ఇంకా కుర్ర షావుకారే. అతనికి పాత కార్ల పిచ్చి. ఎక్కడో దొరికిన ఇంగ్లీషువాళ్ళ కాలపు రేసు కారొకటి కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ఎర్ర రంగు. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చున్నవాడు పక్కనున్న ఆటో డ్రైవరుతో మాట్లాడాలంటే తలెత్తాలి. ఆదివారం పొద్దున్నే నల్ల కళ్ళద్దాలు, తోలు టోపీ పెట్టుకుని, మార్కెట్టు నుంచి రైల్వే స్టేషను దాకా, స్టేషను నుంచి మార్కెట్టు దాకా తిరిగేవాడు. అంతకు మించి పోతే బండి ఆగిపోతుందని భయం.

మా ఊళ్ళో స్పీడ్ బ్రేకర్లు ఎవరూ వేసినట్టు కనబడరు. ఎక్కడో ఒకడు పడ్డ మర్నాటికి అవే మొలుస్తాయి. అలా కొత్తగా మొలిచినదాని మీద ఈ కారు ఎక్కి దిగేసరికి కుడిపక్క వెనక కమానులో ఓ పట్టీ పుటుక్కుమంది. కారు పంటినొప్పి ఉన్నవాడి మొహంలా ఒక పక్కకి ఒరిగిపోయింది. పాత కార్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే, చెన్నైవాళ్ళూ బెంగుళూరువాళ్ళూ కన్నీటి బొమ్మలు పెట్టి, ఇంగ్లండు నుంచి అసలు సరుకు తెప్పించుకోమని సలహా ఇచ్చారు. ఓడలో వచ్చేసరికి ఏడాది తిరిగిపోతుంది. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద పాత కార్ల ప్రదర్శనేమో రెండు వారాల్లోకి వచ్చేసింది. దాంతో తాడు కట్టి లాక్కుంటూ మామ దగ్గరికి తెచ్చాడు.

మామ ఎప్పటిలాగే షావుకారుని దాటుకుని వెనక్కి పోయాడు. కూర్చోవడం చాలక నేల మీద పడుకుని చూశాడు. బయటికొచ్చి నన్ను చెయ్యూపి పిలిచాడు.

"అల్లుడూ, సూడు, ఎంత పలచగున్నాయో! సిన్నపిల్ల గాజుల్లాగున్నాయి. ఇది బరువు మొయ్యడానికి కట్టింది కాదు. మనిసి కోసం కట్టేరు."

తర్వాత షావుకారు వైపు తిరిగి అలవాటు ప్రశ్న వేశాడు. "లోడెంత?"

"లోడేటుంటాది మామా, రెండు సీట్లే కదా. నేనూ, పక్కన ఇంకొకరూ."

"ఆ ఇంకొకలు ఎవులు?"

షావుకారు ఫోను చూసుకుంటూనే, "ఎవులో ఏటి, నువ్వే రా! నువ్వు కట్టిన కమాను మీద నువ్వే కూర్చో. ఇద్దరం బీచ్ రోడ్డు మీద దర్జాగా పోదాం" అన్నాడు.

ఉన్నవాళ్ళు ఇలాంటి మాటలు విసిరేస్తూ ఉంటారు. సాయంత్రానికి వాళ్ళకే గుర్తుండవు. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. మామ మాత్రం చేతిలో పట్టకారు కింద పెట్టి, "నానా బాబూ?" అన్నాడు.

"నువ్వే మామా. మాటిస్తన్నాను."

ఆ రోజంతా మామ ఏ పనీ చేయలేదు. మర్నాడు షావుకారుని వెంటబెట్టుకుని బెల్లం మార్కెట్టుకి పోయాడు. బరువెంతో కచ్చితంగా తెలియాలని, దిమ్మలు తూచే కాటా మీద షావుకారు పక్కన తనూ ఎక్కి నిలబడ్డాడు. నేనూ వెళ్ళాను, చూడకపోతే జన్మలో మళ్ళీ దొరకదని. కాటా దగ్గర గుమస్తా అలవాటు కొద్దీ, బెల్లంలో తడికి తీసినట్టు తరుగు తీసేసి తూకం చెప్పాడు.

మామ మండిపడ్డాడు. "మనుషులకి కూడా తరుగు తీసేత్తారేటయ్యా? మాలో తడేటున్నాది? సరీగా సెప్పు!"

ఆ గుమస్తాకి తరుగు తీయకుండా చెప్పడానికి చాలా ఇబ్బందైంది. మొత్తానికి చెప్పాడు. మామ జీవితంలో మొదటిసారి లోడు లెక్క చేతికి నిజంగా దొరికింది.

ఆ తర్వాత చాలా రోజులకి కొలిమి రాజింది. విరిగిన పట్టీకి బదులు కొత్తది కోశాడు. అది కొలిమిలో ఎర్రబడ్డాక దాగలి మీద పెట్టి, లారీ పట్టీని కొట్టినట్టు కాకుండా, చెవులు కుట్టే కంసాలిలా నెమ్మదిగా సమ్మెట దించుతూ వంపు తెచ్చాడు. పాతవాటిని కూడా విప్పి, తోమి, మళ్ళీ కాల్చి నూనెలో ముంచి పదును పెట్టాడు. రెండు పక్కలా పేర్చాడు. బిగించబోయే ముందు, అలవాటు ప్రకారం పక్కన కోసి పెట్టుకున్న ఎగస్ట్రా పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు దాన్ని చూసి గోడకి ఆనించేశాడు.

నేను ఊరుకోలేక వెక్కిరించాను. "ఏటి మామా, ఒక పట్టీ ఎక్కువ ఎయ్యవేటి? ఒంట్లో బాగానే ఉందా?"

"ఎందుకెయ్యాల? ఒక లోడు షావుకారు. రెండో లోడు నాను. నా గురించి నాకు నానే అబద్ధం సెప్పుకుంటానేటి?"

బిగించాక కారు వెనకభాగం అరచేత్తో నొక్కాడు. అది నెమ్మదిగా కిందికి దిగి, అంతే నెమ్మదిగా పైకి లేచింది. మళ్ళీ నొక్కాడు. పరుపు మీద గెంతే పిల్లాడిలా ఆ పూటంతా అదే పని. దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి, "ఓపాలి నొక్కి సూడు" అని నొక్కించాడు. లోపల ఎక్కి కూర్చోమంటే మాత్రం ఒప్పుకోలేదు. "బీచి కాడికెల్లే రోజే కూకుంటాను" అన్నాడు.

ప్రదర్శన ఉన్న ఆదివారం ఇంకా షాపు తెరవకుండానే మామ నా మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పైజమా, కొత్త టోపీ. చెవి వెనక అత్తరు పెట్టిన దూది. గోళ్ళలో ఎన్నేళ్ళనుంచో పేరుకున్న నలుపు ఎలా పోయిందో గానీ పోయింది. బీచి దగ్గర తినడానికని వాళ్ళావిడ క్యారేజీ కట్టి ఇచ్చింది. కూర్చో మామా అంటే, చొక్కా నలిగిపోతుందని కూర్చోలేదు. రోడ్డు మలుపు వైపే చూస్తున్నాడు.

కారు రావాల్సిన వేళ దాటిపోయింది. కారుకి బదులు డప్పులు వినిపించాయి.

ఆ రోజు మా నాయకుడిగారి పుట్టినరోజని ఊరు ఊరంతటికీ తెలుసు. తెలీకుండా ఉండే వీలు లేకుండా ప్రతి స్తంభానికీ ఆయన నవ్వుతూ వేలాడుతున్నాడు. మైదానంలో అభిమానులు ఆయనకి బెల్లంతో తులాభారం ఏర్పాటు చేశారు. పొద్దున్నే ఆయన మనుషులు షావుకారుకి ఫోను చేశారట, అన్నగారు మీ ఎర్రకారులో ఊరేగుతూ వస్తారని. షావుకారు బీచ్ రోడ్డునీ మర్చిపోయాడు, మామనీ మర్చిపోయాడు. గర్వంతో గాల్లో తేలిపోయాడు.

మలుపు తిరిగి కారు కనబడింది. స్టీరింగు దగ్గర షావుకారు. పక్క సీట్లో నాయకుడుగారు. ఆయన నిండు మనిషి, సీటుకి రెండు పక్కలా పొంగి ఉన్నారు. మెడలో గజమాల. అంతటితో అయిపోతే బాగుండును. కారు ఎలాగూ మైదానానికే పోతోంది కదా అని, తులాభారానికి తెచ్చిన బెల్లం దిమ్మలు కూడా సీట్ల వెనకాలా డిక్కీలోనూ సర్దేశారు. వేరే ఆటో ఎందుకు దండగ అనుకున్నారు. అంటే నాయకుడుగారు ఒకసారి మనిషిగానూ, ఒకసారి బెల్లంగానూ అదే కారులో ఉన్నారు. తూకంలో తక్కువైతే అవమానమని బెల్లం కాస్త ఎక్కువే తెచ్చారు. ఇవి చాలక డిక్కీ మూత మీద జెండాలు పట్టుకుని ఇద్దరు కార్యకర్తలు.

మామ ఆ సీటునీ, అందులో మనిషినీ చూశాడు. క్యారేజీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కారు మమ్మల్ని దాటింది. అప్పుడు వెనక నుంచి చూశాడు. కమాన్లు వంపు పోయి బల్లపరుపుగా అయిపోయి ఉన్నాయి.

"అల్లా! లోడెక్కువైపోనాది!"

క్యారేజీ నా చేతిలో పడేసి, ఆ వయసులో, ఆ తెల్లబట్టల్లో, రెండు చేతులూ పైకెత్తి కారు వెనకాల పరుగు తీశాడు. "ఆపండి బాబూ! దింపీండి! ఆపండి!" అని అరుస్తున్నాడు. డప్పుల్లో ఒక్క ముక్క వినబడితే ఒట్టు. నాయకుడుగారు వెనక్కి తిరిగి, చేతులెత్తి పరిగెత్తుకొస్తున్న ముసలాయన్ని చూసి కరిగిపోయారు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. వీడియో తీస్తున్న కుర్రాడు మామ వైపు తిప్పి తీశాడు. "అన్న కోసం వృద్ధుడి పరుగు" అని ఆ వీడియో సాయంత్రానికల్లా ఊళ్ళో అందరి ఫోన్లలోకీ చేరిపోయింది. పాట కూడా కలిపారు.

మామ అందుకునేలోపే కారు స్పీడ్ బ్రేకరు ఎక్కింది. ఫటేలుమని చప్పుడు. ఈసారి రెండు పక్కలా. కారు వెనకభాగం చతికిలబడి, చక్రాలు రేకుకి ఒరుసుకుని రబ్బరు కాలిన కంపు కొట్టింది. డిక్కీ మీద కార్యకర్తలు రోడ్డు మీద పడ్డారు. బెల్లం దిమ్మలు దొర్లాయి. నాయకుడుగారిని నలుగురూ కలిసి పైకి లాగి, వేరే బండెక్కించి తీసుకుపోయారు. దొర్లిన బెల్లం ఎవరికి దొరికింది వాళ్ళు ఇంటికి పట్టుకుపోయారు. నా పక్క షాపువాడు ఇప్పటికీ తీసుకోలేదంటాడు.

అక్కడ గుమిగూడినవాళ్ళలో ఒకడు వంగి చూసి, "ఈ కమాను కట్టిందెవుడ్రా?" అన్నాడు. ఇంకొకడు చెప్పాడు. అందరూ గొల్లుమన్నారు. మామ కమాను కూడా విరుగుతుందన్నమాట అని, సంతోషం పట్టలేక ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. నడుములు నొప్పెట్టినవాళ్ళందరూ ఎన్నాళ్ళనుంచో ఎదురు చూస్తున్న రోజది. మామ రోడ్డు మధ్యలో ఆయాసపడుతూ నిలబడిపోయాడు. ఒక్కడూ ఆయన వైపు చూడలేదు.

మర్నాడు షావుకారు కారు లాక్కొచ్చి షాపు ముందు ఒంటికాలి మీద లేచాడు. "నీ పనితనం నమ్ముకున్నందుకు అంతమందిలో నా పరువు తీసేవు కదా మామా! నా కమాను ఇరగదని ఊరంతా సెప్పుకు తిరుగుతావు కదా! ఇదేటి మరి?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. షాపుకొచ్చినవాళ్ళని వదిలేసి రోడ్డు దాటి వెళ్ళాను. ఆ కారులో ఎవరెవరు ఎక్కారో, ఎన్ని దిమ్మలు ఎక్కాయో, ఎవరికిచ్చిన సీట్లో ఎవరు కూర్చున్నారో మొత్తం కడిగేద్దామని నోరు తెరిచాను. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తప్పు నాదే బాబూ" అన్నాడు షావుకారుతో. "లోడు నమ్మేను."

షావుకారు గొంతు తగ్గించి, "అంతటాయన అడిగితే ఎలా కాదంటాను మామా?" అన్నాడు.

"మీరు కాదనక్కర్నేదు. నా సీటు ఎవులికైనా ఇచ్చుకోండి, నానేటీ అనను. ముందర ఓ ముక్క సెప్తే బాగుండును బాబూ. ఇంకో పట్టీ ఏసుందును."

అంత గొప్పలు చెప్పుకునే మనిషి నోటివెంట ఆ మాట అంత చిన్నగా రావడం నేను తట్టుకోలేకపోయాను. షాపుకి తిరిగొచ్చి, ఎవరిదో కాగితం ఒకటి తీయాల్సింది బొత్తులు బొత్తులుగా తీసేశాను. ఆయన కట్టినవాటిలో అంత మంచిది మరొకటి లేదు. అదే విరిగింది. అందులో ఎవడూ, కట్టినవాడైనా సరే, ఒక్క నిమిషం మెత్తగా కూర్చోలేదు.

మామ కారుని మళ్ళీ బాగుచేశాడు. ఈసారి ఏ కాటా దగ్గరికీ పోలేదు. గోడకి ఆనించిన పట్టీ వేశాడు. దానికింద లారీది ఒకటి కోసి అదీ వేశాడు. దాని కింద ఇంకొకటి. తయారయ్యాక కారు వెనకభాగం పైకి లేచి, ముక్కు నేలకి ఆని, గింజలేరుకునే కోడిలా నిలబడింది. నేను వెళ్ళి వెనక నొక్కి చూశాను. గోడని నొక్కినట్టుంది.

షావుకారు దాన్ని నడుపుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. కళ్ళద్దాలు ఒక చెవికే వేలాడుతున్నాయి. టోపీ లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా దిగి, అటుపక్కకి వచ్చి, ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు మామా. జబాన్ ఇచ్చేను కదా. ఇప్పుడే పోదాం, బీచికి."

నిజంగానే అన్నాడు. నేను దగ్గరుండి చూశాను, అతని కళ్ళల్లో సిగ్గు ఉంది. "ఎక్కు మామా" అని నేనూ అన్నాను. మామ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తలుపు మీద చెయ్యి వేసి, ఆ తోలు సీటుని పక్కనుంచి తేరిపార చూశాడు. ఎక్కేస్తాడనే అనుకున్నాను. మెల్లిగా చెయ్యి తీసేశాడు.

"వొద్దు బాబూ. ఇందులో కూకుంటే నడుం ఇరిగిపోద్ది. కట్టినోణ్ణి, నాకు తెల్దేటి?"

"మరి నేనెలా తిరగాలి మామా దీంట్లో?"

"లోడేసుకోండి. ఆ పక్క సీట్లో బెల్లం దిమ్మలెట్టుకోండి. సాఫీగా ఎల్లిపోద్ది."

షావుకారు అది వేళాకోళం అనుకుని నవ్వాడు. మామ నవ్వలేదు. అక్కణ్ణించి ఇంటిదాకా పోయేసరికి, అది వేళాకోళం కాదని షావుకారు నడుముకే తెలిసింది.

తరువాతి ఆదివారం పొద్దున్న మామ నా మెట్ల మీద కూర్చుని సాసర్లో టీ ఊదుకుంటుంటే ఎర్రకారు వచ్చింది. షావుకారు పక్క సీట్లో బెల్లం దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి, జారిపోకుండా కొత్త తాడుతో కట్టి ఉన్నాయి. కారు విశాఖపట్నం వైపు తిరిగింది. అంత బరువుకి వెనకభాగం సరిగ్గా నేలకి సమంగా దిగి, గతుకు మీద నెమ్మదిగా వంగి, నెమ్మదిగా లేచింది.

మామ అది కనుమరుగయ్యేదాకా వెనక నుంచి చూశాడు.

"సూడు అల్లుడూ" అన్నాడు. "ఎంత మెత్తగా ఎల్తన్నాదో."